వాసన ఆగిన బావి

ఫర్జానా వేళ్ళకు ముద్రలు ఉండవు. పది వేళ్ళలో ఒక్కదానికీ గీత కనపడదు, గులకరాయిలాగా నున్నగా ఉంటాయి. రేషన్ షాపులో మిషను మీద వేలు పెట్టమంటే, పెట్టినా అది ఒప్పుకోదని తెలిసి, ఆమె నేరుగా కన్ను చూపిస్తుంది. కొత్తగా వచ్చిన డీలరు ఒకసారి ఆ చేతులు చూసి, "ఏమమ్మా, నిప్పుల్లో పెట్టుకున్నావా ఏంది?" అని అడిగినాడు.

"లేదప్పా. ఇరవై మూడేళ్ళు రాళ్ళు అరగదీసినాను. వాటితోపాటు ఇవీ అరిగినాయి," అనింది ఫర్జానా.

ఆమెది ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో, రోడ్డు దిగి మూడు కిలోమీటర్లు లోపలికి పోతే వచ్చే ఊరు. తండ్రి హబీబుల్లా ఊరి బయట గ్రానైట్ క్వారీలో సుత్తి పట్టిన మనిషి. ఆ క్వారీ డెబ్బై అడుగులు దిగినాక అడుగున ఊట తగిలి, తోడినకొద్దీ నీళ్ళు వచ్చి, చివరికి యజమాని మిషన్లు ఎత్తుకొని పోయినాడు. అప్పటినుంచి అది నిటారు గోడల మధ్య నిలిచిన మడుగు. ఫర్జానా ఆ క్వారీ గట్టు మీదే పెరిగింది. రాయిని చూసి అది ఎటు పగులుతుందో చెప్పడం తండ్రి దగ్గర నేర్చుకుంది. డ్రైవరు ఖాజాతో పెళ్ళయి హైదరాబాదుకు పోయినప్పుడు ఆమెకు వచ్చిన విద్య అదొక్కటే. ఆ విద్యే ఆమెకు పని ఇప్పించింది.

అది ఒక ప్రైవేటు ల్యాబు. చమురు కోసం బావులు తవ్వే కంపెనీలు భూమి లోతుల్లోంచి తీసిన రాతి కడ్డీలను అక్కడికి పంపేవి. ఒక్కొక్క కడ్డీ నుంచి బొటనవేలంత ముక్కను రంపపు చక్రం మీద కోసి, గాజుపలకకు అతికించి, గరుకు పొడి వేసి వేళ్ళతో తిప్పుతూ అరగదీయాలి. వెంట్రుక కంటే పలచగా, అవతలి వెలుతురు ఇవతలికి కనపడేదాకా. ఒక్క క్షణం ఎక్కువ తిప్పితే రాయి ఉండదు, ఉత్త గాజు మిగులుతుంది. మొదటి ఏడాది ఫర్జానా పాడుచేసిన ముక్కలకు లెక్క లేదు. తర్వాత ఆ ల్యాబులో ఆమె చేతిని మించిన చెయ్యి లేదని పేరు వచ్చింది.

అన్ని రాళ్ళలోకీ నల్లరాయి వేరు. దాన్ని కోస్తుంటే రంపం కింద నీళ్ళు మసినీళ్ళయ్యేవి, గదంతా కిరసనాయిలు వాసన వేసేది. ఆ రాయి వచ్చిన రోజు ల్యాబులో అందరి మొహాలూ వెలిగేవి. "మంచి రాయి, మంచి రాయి" అనుకుంటూ తిరిగేవాళ్ళు. ఆ మంచితనం ఏమిటో ఆమెకు అర్థమయ్యేది కాదు. ఒకనాడు పెద్దసారు శివశంకర్ మైక్రోస్కోపు దగ్గర కూర్చొని ఉంటే ధైర్యం చేసి అడిగింది.

ఆయన లేచి కుర్చీ ఆమెకు ఇచ్చినాడు. "చూడు. ఏం కనపడుతోంది?"

సన్నని నల్లపొరలు, ఒకదాని మీద ఒకటి, చీర మడతల్లాగా. యాడా చెదరలేదు.

"ఇది బురద ఫర్జానా. పది పన్నెండు కోట్ల ఏళ్ళ కిందటి సముద్రపు బురద," అన్నాడు ఆయన. "అప్పుడు భూమి ఇప్పటికంటే చాలా వేడిగా ఉండేది. ధ్రువాల దగ్గర కూడా మంచు గడ్డకట్టేది కాదనుకో. ఎండ ఎంతో వాన అంత. ఆ వానలు నేల మీది సారమంతా కడిగి సముద్రంలో పోసేవి. సారం తిని నీళ్ళ మీద పాచి పొంగేది. చచ్చిన పాచి అడుక్కి దిగేది. అది కుళ్ళేకొద్దీ అడుగు నీళ్ళలో ఉన్న గాలి అయిపోయేది. పైనేమో వేడినీళ్ళు, తేలిక. కిందవి చల్లనివి, బరువు. రెండూ కలవవు. ఇంక పై గాలి కిందికి దిగే దారి ఏది?"

"మూత పెట్టినట్టు," అనింది ఫర్జానా.

"అంతే. మూత పెట్టినట్టే. గాలి లేనిచోట పురుగు కూడా బతకదు. పురుగు ఉంటే బురదను తొలిచి, కలిపి, అందులో ఉన్నదంతా తినేస్తుంది. పురుగు లేదు కాబట్టి పడింది పడినట్టే ఉండిపోయింది. అలా లక్షల ఏళ్ళు పేరుకొని, లోతుకు పోయి, భూమి వేడికి ఉడికి చమురైంది. మేం దీన్ని తల్లిరాయి అంటాం." ఆయన గాజుపలకను కొంచెం జరిపినాడు. "ఇప్పుడు చూడు. ఈ బూడిదరంగు పొర. అప్పటికి వాతావరణం చల్లబడింది. సముద్రంలో ప్రవాహాలు మళ్ళీ కదిలాయి, గాలి అడుక్కి దిగింది. ఈ మెలికలన్నీ పురుగులు తొలిచిన దారులు. ఇందులో చమురు ఉండదు. కంపెనీకి దీనితో పని లేదు."

ఫర్జానా చాలాసేపు చూసింది. "అయితే సార్, మీరు మంచి రాయి అనేది, చావు ఎక్కువున్న రాయినా?"

శివశంకర్ సారు నవ్వలేదు. "అలా ఎవరూ అడగలేదు నన్ను," అన్నాడు. "అవును. ఎండాకాలం రాసిపెట్టిన చావు అది."

ఆ రోజు నుంచి నల్లరాయి అరగదీసేటప్పుడు ఆమెకు పూర్వం ఉన్న ఉత్సాహం ఉండేది కాదు. చేతికింద ఊపిరాడని సముద్రం ఒకటి ఉన్నట్టు అనిపించేది.

కరోనా వచ్చినాక ల్యాబు మూతపడింది. ఖాజా నడిపే స్కూలు బస్సు కూడా ఆగిపోయింది. ఇద్దరూ ఊరికి వచ్చేసినారు. ఖాజా ఆదోనికి షేర్ ఆటో తిప్పుతాడు. ఫర్జానా ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతుంది. తల్లి దౌలత్‌బీ వాళ్ళతోనే ఉంది.

వాళ్ళు వచ్చేసరికి ఊరి నీళ్ళు క్వారీ నుంచి వస్తున్నాయి. బోర్లు ఎండిపోయినాయని పంచాయతీ వాళ్ళు క్వారీ పక్కనే ముప్పై అయిదు అడుగుల బావి తవ్వి, సిమెంటు వరలు దింపి, క్వారీ గోడకు తూము పొడిచి, నీళ్ళు అందులోకి వచ్చేటట్టు చేసినారు. ఎండాకాలంలో మట్టం దిగిపోయినా అందాలని తూము బాగా లోతులో పెట్టినారు. బావి మీద కాంక్రీటు పలక, దానికి మనిషి దూరేటంత ఇనుప మూత. లోపల మోటారు. మోటారు వేసి ఆపే పని సుంకప్పది. మంచి మనిషి, ఏ ఇంటికి నీళ్ళు రాకపోయినా తనే తప్పు చేసినట్టు మొహం పెట్టేవాడు.

ఆ ఏడు ఎండలు శివరాత్రి దాటకముందే ముదిరినాయి. ఏప్రిల్‌లో రెండు సాయంత్రాలు వడగళ్ళతో వాన విరుచుకుపడింది. క్వారీ చుట్టూ ఉన్న మిరప చేలల్లో, పత్తి చేలల్లో వేసిన ఎరువంతా ఎర్రనీళ్ళతో కలిసి గోడల మీదుగా క్వారీలోకి దూకింది. తర్వాత నెలంతా చుక్క లేదు, గాలి లేదు. నలభై నాలుగు, నలభై అయిదు డిగ్రీలు. క్వారీ నీళ్ళు మొదట లేతపచ్చగా, తర్వాత పెయింటు పోసినట్టు చిక్కటి పచ్చగా మారినాయి.

కరువు మండలమని వేసవి సెలవుల్లోనూ బడిలో పిల్లలకు అన్నం పెడుతున్నారు. ఒకరోజు అక్కడ అన్నం వార్చుతుంటే ఆవిరిలో తేడా వాసన వచ్చింది. కోడిగుడ్డు మురిగిన వాసన. బియ్యం మార్చి చూసింది, పాత్ర మార్చి చూసింది. నీళ్ళదే. ఇంటికి వస్తే దౌలత్‌బీ వాకిట్లో కూర్చొని చేతి వెండి కడియాలను చింతపండుతో తోముతోంది.

"మొన్ననే తోమినాను. మళ్ళీ నల్లగయినాయి చూడు. బట్టలుతికితే చాలు, బొగ్గు పూసినట్టు అవుతాండాయి," అనింది తల్లి.

ఫర్జానా ఆ కడియాలను చేతిలోకి తీసుకొని నిలబడిపోయింది. ల్యాబులో కొన్ని రకాల రాళ్ళు కోసిన రోజున ఆమె వెండి ఉంగరం ఇట్లే నల్లబడేది.

మరుసటి ఆదివారం పొద్దున్నే ఖాజాను తోడు తీసుకొని క్వారీకి పోయింది. సీసాకు రాయి కట్టి, బిరడాకు వేరే దారం కట్టి, గజానికొక ముడి వేసిన తాడుతో దింపింది. కావలసిన లోతుకు పోయినాక దారం లాగితే బిరడా ఊడి ఆ లోతు నీళ్ళే సీసాలోకి వస్తాయి. నాలుగు ముళ్ళ వరకు నీళ్ళు గోరువెచ్చగా, పచ్చగా ఉన్నాయి. అయిదో ముడి దగ్గర సీసా పైకి తీస్తే చల్లగా జివ్వుమంది. నీళ్ళు పలచని బూడిదరంగు. మూతి దగ్గర ముక్కు పెట్టిన ఖాజా వెనక్కి గెంతి, గట్టు మీదే వాంతి చేసుకున్నాడు.

ఆ తర్వాత క్వారీలోకి దిగే పాత లారీ దారి వైపు, నీళ్ళు కాస్త తక్కువ లోతున్న చోట, పొడవాటి పైపును అడుగు బురదలోకి గుచ్చి తీసింది. పైపును కోసి విప్పితే లోపల నల్లటి బురద. ఫర్జానా దాన్ని బ్లేడుతో నిలువునా చీల్చింది. సన్నని పొరలు. ఒకటి నల్లది, ఒకటి ఇంకా నల్లది. ఒక్క పురుగు లేదు. పురుగు తొలిచిన దారి లేదు. మైక్రోస్కోపు కింద ఎన్ని వందలసార్లు చూసిందో, అదే. కాకపోతే అది రాయి, ఇది ఇంకా తడిగా ఉంది.

"ఏమయింది ఫర్జానా? ఏమిటది?" అని ఖాజా అడిగినాడు.

"మూత పడింది," అనింది.

ఆ సాయంత్రమే సర్పంచి గోవిందన్న ఇంటికి పోయింది. అరవై ఏళ్ళ మనిషి, చెడ్డవాడు కాదు, కానీ ఏ మాటనైనా నవ్వులాటలోకి దించి తప్పించుకోవడం అలవాటు. సీసా, బురద రెండూ చూపించింది. నల్లరాయి సంగతి, వేడి సముద్రాల సంగతి తనకు వచ్చినంతలో చెప్పింది.

"అంటే మన క్వారీలో పెట్రోలు పడతాదంటావు. శానా మంచి మాట సెప్తివి కదమ్మా!" అని గోవిందన్న తొడ చరిచినాడు.

"పెట్రోలు కాదన్నా. దానికి కోట్ల ఏండ్లు కావల్ల. మనది గ్రానైట్ నేల, ఈడ అది పుట్టేది కూడా లేదు. నేను సెప్పేది దానికి ముందుండే సంగతి. కింద నీల్లలో ఇసపు గాలి చేరింది. తూము లోతులో ఉండాది కాబట్టి ఆ నీల్లే బావిలోకి వస్తాండాయి. బావికి పైన పలక ఉండాది. గాలి యాడికి పోతాది? తూము పైకి మార్చల్ల. అంతవరకు బావిలోకి ఎవర్నీ దింపొద్దు."

"చూద్దాంలే. పై ఆఫీసుకు రాస్తాను. క్లోరిన్ ఎక్కువ కలపమని సుంకప్పకు సెప్తాలే," అన్నాడు.

ఆ మాటల్లో పెట్రోలు అన్న ముక్క ఒక్కటే ఊర్లోకి పోయింది. రెండు రోజుల్లో ఫోన్లలో తిరిగింది. ఆలూరు వైపు నుంచి కూడా మనుషులు మోటార్‌సైకిళ్ళ మీద వచ్చి క్వారీ నీళ్ళు సీసాల్లో పట్టుకొని, అగ్గిపుల్ల గీసి చూసినారు. అడుగు నుంచి లేచే బుడగలను ఫోటోలు తీసినారు. ఫర్జానా ఎదురుపడితే "పెట్రోలక్కా" అని నవ్వినారు. ఆమె నవ్వలేదు. పొయ్యి ముందు కూర్చున్నా ఆమె చూపు క్వారీ వైపే ఉండేది. ఆ మధ్యాహ్నాల్లో చెట్టాకు కదిలేది కాదు.

శివశంకర్ సారుకు ఫోను చేసింది. ఆయన ఇప్పుడు పని మానేసి ఇంట్లోనే ఉన్నాడు. అన్నీ విన్నాడు.

"బురదలో పొరలు చెదరలేదన్నావు కదా?"

"చెదరలేదు సార్."

"అయితే విను. ఇప్పటికి అది అడుగున ఉంది. వానాకాలం గాలి మొదలై, చల్లటి వాన పడిందంటే పైనీళ్ళు చల్లబడతాయి. అప్పుడు మూత తీసినట్టే. కిందవి పైకి వస్తాయి. చేపలన్నీ చస్తాయి. బయట గాలికి చెదిరిపోతుంది కాబట్టి గట్టు మీద ఉన్నవాళ్ళకు అంత ప్రమాదం లేదు. కానీ ఆ బావి..." ఆయన గొంతు తగ్గింది. "నా ఉద్యోగం కొత్తలో ఒక డ్రిల్లింగ్ చోట ఇద్దరు గుంతలోకి దిగారు. మొదట కంపు అన్నారు. తర్వాత వాసన పోయింది, బాగుంది అన్నారు. అదే ఆఖరి మాట. ఆ గాలి ఎక్కువైతే ముక్కు చచ్చిపోతుంది ఫర్జానా. వాసన వస్తున్నంతసేపు పారిపోవడానికి టైము ఉన్నట్టు. వాసన ఆగిపోతే లేనట్టు."

ఫర్జానా ఈ మాట సుంకప్పకు చెప్పింది. "సరేలేక్కా" అన్నాడు. బడి టీచర్లకు చెప్పింది. వాళ్ళు పిల్లలకు తాగే నీళ్ళు క్యాన్లలో తెప్పించడం మొదలుపెట్టినారు. అంతకుమించి ఎవరూ కదలలేదు.

బడులు తెరిచిన వారానికి, జూన్‌లో, పడమటి గాలి లేచింది. రెండు రోజులు ఒకటే గాలి. మూడో నాటి తెల్లవారుజామున గంటసేపు చల్లని వాన పడింది. పొద్దు పొడిచేసరికి ఊరంతా కుళ్ళిన గుడ్ల కంపు. ఆడోళ్ళు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకొని కల్లాపి చల్లినారు. క్వారీకి పోయి చూసినవాళ్ళు కేకలు పెట్టినారు. నీళ్ళ మీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తెల్లగా చేపలు, పొట్టలు పైకి తిరిగి. పచ్చదనం పోయి నీళ్ళు పాలు విరిగినట్టున్నాయి.

ఎనిమిది గంటలకు మోటారు ఆగిపోయింది. చచ్చిన చేపలు, పాచి తూములోంచి బావిలోకి వచ్చి మోటారు నోరు పూడుకుపోయింది. ఓవర్‌హెడ్ ట్యాంకు ఖాళీ. బిందెలు పట్టుకొని జనం సుంకప్ప చుట్టూ చేరినారు. సుంకప్ప ఎర్రిస్వామిని పిలిపించినాడు. ఎర్రిస్వామి మోటార్లు విప్పి బాగుచేసే పనివాడు. ముప్పై నాలుగేళ్ళు, చురుకైన మనిషి, బావుల్లోకి దిగడం అతనికి వీధిలోకి దిగడం లాంటిది.

సుంకప్పకు ఫర్జానా మాట గుర్తులేకపోలేదు, కానీ కంపు ఉన్నంతవరకే దిగకూడదన్నట్టు తిరగబడి గుర్తుంది. ఇనుప మూత తీసి, కంపు భరించలేక ఇద్దరూ దూరంగా కూర్చొని, ఆ గాలికి మంట అంటుకుంటుందేమోనని బీడీ కూడా కాల్చకుండా ముప్పావుగంట కాచుకున్నారు. మధ్యమధ్య వచ్చి మూతి దగ్గర వంగి చూసినారు. మూడోసారి వంగినప్పుడు ఎర్రిస్వామి తల పైకెత్తి, "అన్నా, ఇంగ కంపు లేదు. పోయింది," అన్నాడు.

సరిగ్గా ఆ మాటనే బిందెతో వచ్చిన హులిగమ్మ అనే ముసలామె బడి దగ్గర ఫర్జానాకు మోసింది. "కంపు పోయిందంట. ఎర్రిస్వామి దిగుతాండాడు. ఇంగో గంటలో నీల్లొస్తాయి."

ఫర్జానా చేతిలో గరిటె అక్కడే వదిలేసింది. బడి నుంచి క్వారీకి అర కిలోమీటరు. యాభై రెండేళ్ళ మనిషి, రాతిదుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు. చెప్పులు యాడ ఊడినాయో తెలియదు. "దిగొద్దు! దిగొద్దు!" అని అరుస్తున్నాననుకుంది గానీ గొంతు పైకి రాలేదు.

ఆమె చేరేసరికి సుంకప్ప బావి మూతి దగ్గర మోకాళ్ళ మీద ఉన్నాడు. "ఎర్రిస్వామీ! ఒరే ఎర్రిస్వామీ!" అని లోపలికి పిలుస్తున్నాడు. ఇనుప కడ్డీలు పట్టుకొని పది మెట్లు దిగినాడంట. ఏదో చెప్పబోయి నోరు తెరిచినాడంట. అంతే, చేతులు వదిలేసినాడు. కింద నీళ్ళ చప్పుడు ఒక్కటే వినపడిందంట.

సుంకప్ప చొక్కా విప్పి పక్కన పడేసి కాలు లోపలికి పెట్టినాడు. ఫర్జానా పరుగు ఆపకుండానే వచ్చి అతని నడుము రెండు చేతులా పట్టుకొని వెనక్కి పడింది. ఇద్దరూ మట్టిలో దొర్లినారు.

"వదులక్కా! మనిషి సచ్చిపోతాండాడు! వదులు!"

"వదలను. నువ్వు కూడా పోతావు. నీ తర్వాత నిన్ను తీసేదానికి ఇంగొకడు పోతాడు."

అతను మోచేత్తో ఆమె మొహం మీద కొట్టినాడు. పెదవి చిట్లి రక్తం వచ్చింది. ఆమె వదల్లేదు. పొట్టకింద వేళ్ళు పెనవేసి, కాళ్ళు బండకు తన్నిపెట్టి, కళ్ళు మూసుకొని పట్టుకుంది. ఇరవై మూడేళ్ళు రాయిని పట్టిన పట్టు. అంతలో జనం వచ్చినారు. అందులో ఇద్దరు దిగుతామని ముందుకు దూకినారు. "మూతికి అడ్డంగా ఉండండి! ఎవర్నీ దిగనీయొద్దండి! కంప్రెసర్ తెప్పించండి, గాలి కొట్టల్ల లోపలికి!" అని ఫర్జానా చిట్లిన పెదవితోనే అరిచింది. అప్పుడే వచ్చిన గోవిందన్న ఆ మొహం చూసినాడు. ఈసారి నవ్వులాట లేదు. తనే పోయి మూతికి అడ్డంగా నిలబడినాడు.

పొలంలో రాళ్ళు పగలగొడుతున్న కంప్రెసర్ ట్రాక్టరు ఇరవై నిమిషాలకు వచ్చింది. గొట్టం లోపలికి వదిలి గాలి కొట్టినారు. ఎమ్మిగనూరు నుంచి అగ్నిమాపక బండి వచ్చింది. వీపుకు సిలిండరు, మొహానికి మాస్కు కట్టుకున్న మనిషి తాడుతో దిగి ఎర్రిస్వామిని పైకి తెచ్చినాడు. అప్పటికే అంతా అయిపోయింది.

అతని భార్య రేణుక కలుపు తీసే చేను నుంచి కాళ్ళకు మట్టితో వచ్చింది. శవం ముందు కూలబడింది. ఏడవలేదు. చాలాసేపటికి తలెత్తి ఫర్జానాను చూసింది.

"సుంకప్పన్న దిగుతాంటే నువ్వు పట్టుకున్యావంట కదా?"

ఫర్జానా తల ఊపింది.

"నువ్వు పట్టుకోకుంటే మా ఆయన బతికేటోడు."

 మాస్కు తీసిన అగ్నిమాపక మనిషి ఒక్కడు, "లేదమ్మా. అతను దిగుంటే ఇద్దరిని తీసేవాళ్ళం," అన్నాడు. రేణుక ఆ మాట విన్నట్టు లేదు.

ఊరు రెండుగా మాట్లాడుకుంది. ఆమె వల్ల ముగ్గురు నలుగురు బతికినారని కొందరు. అంత తెలిసిన మనిషి పొద్దున్నే పోయి బావి దగ్గర కాపలా ఉండొచ్చు కదా అని కొందరు. రెండో మాట ఫర్జానాకు సూటిగా తగిలింది. ఎందుకంటే ఆ మాట తనకు తానే రోజూ అనుకుంటోంది. కంపు వచ్చిన పొద్దున తను క్వారీకి కాకుండా బడికి ఎందుకు పోయింది? నూట ఇరవై మంది పిల్లలకు వండాలని పోయింది. మోటారు ఆగిపోతుందని తట్టలేదు. అది జవాబే, కానీ ఆ జవాబుతో నిద్ర పట్టేది కాదు. సుంకప్ప చాన్నాళ్ళు ఆమెకు ఎదురుపడలేదు. ఒకనాడు వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, "పెదవి మానిందా అక్కా?" అని మాత్రం అడిగి, జవాబు వినకుండానే వెళ్ళిపోయినాడు.

ఆ బావిని పూడ్చినారు. క్వారీ పైనీళ్ళు మాత్రమే తోడేటట్టు డ్రమ్ముల మీద తేలే మోటారు పెట్టినారు. గోవిందన్న ఆఫీసులకు తిరిగి, చేల నీళ్ళు క్వారీలో పడకుండా పైగట్టున కాలువ తవ్వించినాడు. సగం తవ్వినారు, సగం ఆగింది. శివశంకర్ సారు ఒకసారి వచ్చి గట్టు మీద కాసేపు నిలబడి పోయినాడు. పోతూ, "మన పని ఎప్పుడూ చచ్చిన సముద్రాలతో అనుకున్నాను," అన్నాడు.

సంక్రాంతి దాటినాక బడిలో వంటకు రెండో మనిషి కావలసి వచ్చింది. హెడ్మాస్టరు ఆ పని రేణుకకు ఇప్పించినాడు. మొదటి రోజు ఆమె వచ్చి, ఫర్జానా వైపు చూడకుండా, కూరగాయల తట్ట దగ్గర కూర్చుంది. నెలన్నర అట్లే గడిచింది. "ఉప్పు", "చాలు", "దించు" అన్న మాటలు తప్ప ఇద్దరి మధ్యా ఇంకో మాట లేదు.

మార్చి మొదటి వారంలో ఒకరోజు పిల్లలు తిని పోయినాక, రేణుక పాత్రలు తోముతూ తోముతూ ఆగింది.

"అక్కా. ఒక మాట అడుగుతాను, దాచొద్దు."

"అడుగు."

"ఆ లోపల... మా ఆయనకు తెలిసుంటాదా? నొప్పి?"

ఫర్జానా ఆమె ముందు కింద కూర్చుంది. "తెలిసుండదమ్మా. ఒకటో రెండో ఊపిరి. దీపం ఆర్పినట్టు పోతారంట. మా సార్ సెప్పినాడు, ఆసుపత్రిలో డాక్టరు కూడా అదే అన్నాడు. నేను నీ మనసు కోసం సెప్తాండే మాట కాదు ఇది."

రేణుక కొంగుతో మొహం తుడుచుకుంది. అప్పుడు ఏడిచింది, పాత్రల మధ్య కూర్చొని, మొదటిసారి. ఫర్జానా ముట్టుకోలేదు, ఓదార్చలేదు, లేచి పోనూ లేదు.

ఏడుపు అయినాక రేణుక బయటికి చూసింది. మార్చి మొదటి వారమే, గ్రౌండులో ఎండ కళ్ళు తెరవనీయడం లేదు. వేపచెట్టు ఆకు కదలడం లేదు.

"ఈ ఏడు కూడా అట్లే అయితాదా అక్కా?"

"ఎండలు ఇట్లే కాస్తే, అయితాది," అనింది ఫర్జానా. "మొన్న ఆదివారం చూసినాను. పైనీల్లు మల్లా వేడెక్కినాయి, కిందవి చల్లగానే ఉండాయి. వాసన ఇంకా రాలేదు."

రేణుక చేతిలో పాత్రను కడిగి బోర్లించింది. తర్వాత, "ఈ ఆదివారం పోయేటప్పుడు నన్ను పిలు," అనింది.